కొండెక్కిన క్రియాంతాలు

ఇంగ్లిషు నేర్చుకునే పిల్లలను ఎక్కువ తిప్పలు పెట్టే ‘స్’ ప్రత్యయం, అంటే వర్తమానకాలంలో కర్త ‘అతడు’, ‘ఆమె’, ‘అది’ అయినప్పుడు క్రియ చివర తప్పక చేర్చవలసిన ఆ ఒక్క ధ్వని, పుట్టుకచేత ప్రామాణిక భాషకు చెందినది కాదు. అది ఒకప్పుడు ఉత్తర ఇంగ్లండు యాస. పదో శతాబ్దంలో ఆల్‌డ్రెడ్ అనే మతాచార్యుడు లిండిస్‌ఫార్న్ సువార్తల లాటిన్ ప్రతిలో పంక్తుల నడుమ తన ప్రాంతపు మాటల్లో అర్థాలు రాసినప్పుడు, ఈ ‘స్’ పాతదైన ‘త్’ ప్రత్యయంతో పక్కపక్కనే కనిపిస్తుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలంలో ‘షి గో’ అని రాసిన విద్యార్థి సమాధానాన్ని తప్పుగానే దిద్దుతారు, కానీ ఇంగ్లండు తూర్పు తీరంలోని నార్‌ఫక్ పల్లెల్లో ఆ మాటతీరు తరతరాల పలుకుబడి.

కర్త పురుషను, వచనాన్ని, లింగాన్ని బట్టి క్రియ రూపం మారడాన్ని అన్వయం అంటారు. పాత ఇంగ్లిషులో ‘నేను’, ‘నీవు’, ‘అతడు’ అనే కర్తలకు వేర్వేరు క్రియాంతాలు, బహువచనానికి మరొకటి ఉండేవి. పదాంత అచ్చులు అరిగిపోయిన కొద్దీ అవి ఒక్కొక్కటిగా రాలిపోయాయి. ఉత్తరాదిలో మాత్రం ఒక విచిత్ర నియమం స్థిరపడింది: బహువచన సర్వనామం క్రియను ఆనుకొని ఉంటే ప్రత్యయం ఉండదు, నామవాచకం కర్త అయితే బహువచనంలోనూ ‘స్’ చేరుతుంది. ఆ యాస లండన్ చేరి పదహారో శతాబ్దం చివరికి వాడుకలో నిలదొక్కుకోగా, షేక్‌స్పియర్ అవసరాన్ని బట్టి ‘స్’నూ ‘త్’నూ రెంటినీ వాడుకున్నాడు; 1611 నాటి బైబిలు అనువాదం మాత్రం పాత ‘త్’నే పట్టుకుంది. అదే కాలంలో ‘నువ్వు’కు సమానమైన ఏకవచన సర్వనామం, దానికి తగిన క్రియాంతంతో సహా, ‘మీరు’ వంటి గౌరవ బహువచనానికి చోటిచ్చి తప్పుకుంది. 1762లో బిషప్ రాబర్ట్ లౌత్ తన వ్యాకరణంలో ‘యు వాజ్’ తప్పని తేల్చేనాటికి కాపాడుకోవడానికి మిగిలిన క్రియాంతాలే కొద్ది.

ఇంగ్లిషు పోగొట్టుకుంటూ వచ్చిన చోట తెలుగు కూడబెట్టుకుంది. కావ్యభాషలో ‘వాడు వచ్చెను’, ‘ఆమె వచ్చెను’, ‘అది వచ్చెను’, చివరకు ‘అవి వచ్చెను’ కూడా ఒకే రూపం. మనుషుల బహువచనానికి మాత్రమే ‘వచ్చిరి’ అని వేరు రూపం ఉండేది. వాడుకభాష ఈ గంపగుత్త రూపాన్ని వదిలి వచ్చాడు, వచ్చింది, వచ్చారు, వచ్చాయి అని నాలుగు దారులు వేసుకుంది. 1858లో చిన్నయసూరి బాలవ్యాకరణం కావ్యభాషకు కట్టుదిట్టమైన సూత్రాలు ఏర్పరచిన తరువాత, జనం నోట పెరిగిన ఈ కొత్త అన్వయం బడిలో గ్రామ్యమనిపించుకుంది.

ఈ తగవు ముదిరినది అనంతగిరికి దిగువనున్న మైదానంలోనే. 1906 ప్రాంతంలో ఉత్తర సర్కారుల పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె. ఎ. యేట్స్, తెలుగు నేర్చుకుంటూ, పుస్తకంలోని భాషకూ వీధిలో వినబడే భాషకూ ఇంత దూరం ఎందుకని ప్రశ్నించగా, విశాఖపట్నం ఏవీఎన్ కళాశాల ప్రిన్సిపాల్ పి. టి. శ్రీనివాస అయ్యంగారు ఆయనను పర్లాకిమిడిలోని గిడుగు రామమూర్తి వైపు, విజయనగరంలోని గురజాడ అప్పారావు వైపు మళ్లించారు. కన్యాశుల్కంతో వాడుకభాష సత్తా అప్పటికే చూపిన గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం సమర్పించి మరుసటి ఏడు కన్నుమూయగా, గిడుగు 1919లో ‘తెలుగు’ పత్రిక నడిపి వాదం కొనసాగించారు. జయంతి రామయ్య పంతులు తదితరులు కావ్యభాష పక్షాన గట్టిగా నిలబడ్డారు. ఉత్తర ఇంగ్లండు ‘స్’కు లండన్ పట్టం కట్టినట్లే, నోటిమాటలోని ‘వచ్చాడు’ కాలక్రమంలో పాఠ్యపుస్తకం చేరింది. గెలిచినవారి యాసకే వ్యాకరణమని పేరు రావడం రెండు చోట్లా జరిగిన సంగతి.

అదే గిడుగు సవర భాష నేర్చుకుని 1931లో దాని వివరణ గ్రంథాన్ని, 1938లో సవర-ఇంగ్లిషు నిఘంటువును ప్రచురించారు. ముండా కుటుంబానికి చెందిన ఆ భాషలో కర్త జాడతో పాటు కర్మ జాడ కూడా క్రియలోనే ఇమిడిపోతుంది.

అరకు ప్రాంతపు కొండదొరల్లో కొందరు మాట్లాడే కొండ భాషను, మరో పేరున కూబిని, భద్రిరాజు కృష్ణమూర్తి పరిశోధించి 1969లో గ్రంథం వెలువరించారు. తెలుగులో ‘ఆమె’, ‘అది’ ఏకవచనంలో ఒకే క్రియారూపం పంచుకున్నా, బహువచనంలో స్త్రీలు పురుషులతో కలిసి ‘వచ్చారు’ అనిపించుకుంటారు. కొండలోనూ, దాని సోదర భాష కువిలోనూ మాత్రం స్త్రీలే ఉన్న గుంపు బహువచనంలోనూ పశుపక్ష్యాదుల వర్గంలోనే ఉండిపోతుంది. మూల ద్రావిడంలో ఉన్నది ఈ రెండో పద్ధతేనని, తెలుగు తరువాత దారి మార్చుకుందని కృష్ణమూర్తి ప్రతిపాదించారు. ఆ వర్గీకరణ నేటి చెవికి న్యాయంగా వినిపించకపోయినా, పెద్ద భాషలు వదిలేసిన పాత అమరికను సాహిత్యం లేని భాషలు భద్రంగా దాచిపెట్టడం భాషాచరిత్రకు దక్కిన గొప్ప ఆధారం. అదే చుట్టుపక్కల మాట్లాడే ఆదివాసీ ఒడియా ఆర్య కుటుంబపు భాష కావడంతో, దాని క్రియ పురుష, వచనాలను పట్టించుకుంటుందే తప్ప లింగభేదాన్ని కాదు.

అందువల్ల అనంతగిరి తరగతి గదిలో కువి, ఆదివాసీ ఒడియా, తెలుగు ఇళ్ల పిల్లలు పక్కపక్కన కూర్చున్నప్పుడు, అన్వయం వారికి కొత్త విద్య కాదు. ఇంగ్లిషు అడిగేదానికంటే చిక్కైన లెక్కను వారు బడికి రాకముందే తప్పులేకుండా చేస్తుంటారు. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొండ, కువి, ఆదివాసీ ఒడియాలతో సహా ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తెచ్చినప్పుడు ఆ జ్ఞానానికి కొంత గౌరవం దక్కింది, కానీ ఇంగ్లిషు వ్యాకరణ బోధన ఇప్పటికీ పిల్లల తల ఖాళీ పలక అన్నట్లుగానే మొదలవుతుంది. ‘మీ ఇంట్లో ఒకరు వస్తే ఏమంటారు, పలువురు వస్తే ఏమంటారు’ అని అడిగి, ఆ జవాబుల పక్కన ఇంగ్లిషు ‘స్’ను నిలబెట్టే ఉపాధ్యాయుడు సూత్రం వల్లె వేయించనక్కరలేదు. కొండదొర కుటుంబాలు చాలావరకు తెలుగులోకి మళ్లిపోయినందున అక్కడ పాత బహువచన అన్వయం ఇప్పటికే చెదిరిపోతున్నది. ‘స్’ మరిచిన పిల్లవాడిని దిద్దడానికి దేశమంతటా పరీక్షలున్నాయి గాని, కూబి క్రియాంతం మరిచినవాడికి దాన్ని గుర్తుచేయగలవారు ఇంటి పెద్దలు తప్ప మరొకరు లేరు.