తాటాకు బుట్టలు, సంచులు: చెట్టును నరకకుండా ఉపాధి

ప్లాస్టిక్ సంచి రాకముందు తెలుగు పల్లెలలో పూలకు, పండ్లకు, సంత సరుకుకు తాటాకు బుట్టయే ఆధారం. నేడు అదే అల్లిక చేతి సంచులుగా, కానుకల పెట్టెలుగా పట్టణాల ప్రదర్శనలలో అమ్ముడవుతున్నది. అయితే ఈ వృత్తి నిలవడం గిరాకీపై కంటే చెట్టుపైన, చెట్టెక్కే మనిషిపైన ఎక్కువగా ఆధారపడి ఉన్నది.

'తాటినార సంచులు' అని వ్యవహరిస్తున్న వాటిలో అధిక భాగం నారతో గాక ఆకు పాయలతో అల్లినవే. నార వేరు. మట్ట మొదలును చితకగొట్టి తీసే ఆ నార బిరుసుగా ఉండి బ్రష్షులకు, చీపుళ్లకు పనికివస్తుంది. కాకినాడ రేవు నుండి ఎగుమతి అయిన కారణంగా విదేశీ విపణిలో ఒక రకం తాటినారకు ఆ ఊరి పేరే స్థిరపడినది.

అల్లికకు కావలసినది ఇంకా విచ్చుకోని మొవ్వాకు. ముదురు ఆకు మడిస్తే విరుగుతుంది. కోసిన ఆకును పాయలుగా విడదీసి, ఈనెలు తొలగించి ఎండబెడితే పచ్చదనం పోయి దంతపు వన్నె వస్తుంది. రంగు కావలసిన పాయలను రంగు కలిపిన నీటిలో మరిగిస్తారు. అనంతరం వాటిని సమాన వెడల్పున చీల్చాలి. పనితనమంతా ఇక్కడే ఉన్నది. పాయల వెడల్పులో తేడా వస్తే బుట్ట అడుగు వంకరపోతుంది. ఎండిన పాయలు పెళుసుబారకుండా తడిగుడ్డలో చుట్టి ఉంచి అల్లుతారు. తొలగించిన ఈనెలు కూడా వృథా కావు. వాటిని అంచులో చేర్చి కుడితే బుట్టకు బిగువు వస్తుంది.

తాటిచెట్టుకు పెరిగే మొవ్వు ఒక్కటే. అది తెగితే చెట్టు చనిపోతుంది. చెట్టు సుమారు నెలకొక ఆకు మాత్రమే వేస్తుంది. కనుక మొవ్వులోని అంకురానికి గాయం కాకుండా, ఒకే చెట్టుపై వెంటవెంటనే కత్తి పెట్టకుండా, తోపులో చెట్టు మార్చి చెట్టు కోయవలసి ఉంటుంది. ఈ మెలకువ తెలిసినవారు గీత కార్మికులు. వారి పిల్లలు వేరే పనులకు వెళుతున్న కొద్దీ, నేల మీద కూర్చుని అల్లే మహిళలకు ఆకు అందడం కష్టమవుతున్నది. ఇటుక బట్టీలకు, కలపకు నరికిన చెట్ల లోటు త్వరగా తీరేది కాదు. తాటి కాపుకు రావడానికే పన్నెండు సంవత్సరాలకు పైగా పడుతుంది.

దేశంలో తాటిచెట్లు అత్యధికంగా ఉన్న తమిళనాడులో, చెట్టును నరకడానికి కలెక్టరు అనుమతి తప్పనిసరి అని 2021 వ్యవసాయ బడ్జెట్‌లో ప్రకటించారు. ఆ రాష్ట్రంలోనే చెట్టినాడు ప్రాంతపు 'కొట్టాన్' బుట్టలు ఒకప్పుడు ఇంటి ఆడవారు శుభకార్యాలకు అల్లుకున్నవి. దాదాపు మరుగునపడిన ఆ విద్యను కారైక్కుడి పరిసర గ్రామాల మహిళలకు నేర్పి పునరుద్ధరించారు. వాటికి భౌగోళిక గుర్తింపు కూడా లభించినది. తెలుగు జిల్లాలలో చెట్టుకు, చేతి నేర్పుకు కొదవ లేదు. డ్వాక్రా సంఘాల అల్లికలకు కొలతలలో ఏకరూపత, గట్టి పిడి, లోపలి గుడ్డ అస్తరు సమకూరితే పట్టణ కొనుగోలుదారు మరల మరల వస్తాడు.

దేశవ్యాప్తంగా 2022 జూలై 1 నుండి కొన్ని ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ వస్తువులు నిషేధింపబడినవి. అదే సంవత్సరం డిసెంబరు 31 నుండి 120 మైక్రాన్ల కంటే పలుచని ప్లాస్టిక్ సంచులకు అనుమతి లేదు. ధరలో తాటాకు సంచి వీటితో పోటీ పడజాలదు, మన్నికలోనే పోటీ.

తడి తగిలిన బుట్టను నీడలో ఆరబెట్టాలి. వానకాలంలో మూసిన బీరువాలో ఉంచితే బూజు పడుతుంది. రంగు వేసిన వాటిని నేరుగా ఎండలో పెట్టరాదు.