బండి చక్రము, ఎద్దు మెడ

పందెపు మోటారుకారు కొనినవాడు దానిని కొన్నట్లే యుంచుట అరుదు. చక్రములు మార్పించును, స్ప్రింగులు సవరింపించును, బ్రేకులకు బలము చేకూర్పించును, పీఠమును తన నడుమునకు దగినట్లు దిద్దించుకొనును. పరుగు పెరుగవలయును, ప్రయాణము సుఖముగ నుండవలయును. వాని కోరిక లీ రెండే. ఇది యంత్రయుగపు వేడుకయని శ్రోతలు తలంపవచ్చును. కాని కర్నూలు, కడప సీమల రైతు ఈ రెండు కోరికలతోడనే తన యెద్దుబండిని తరతరములుగా సవరించుకొనుచు వచ్చెను. ఆ చరిత్రయే నేటి ప్రసంగమునకు విషయము. బండి బాగుపడిన ప్రతిసారియు ఆ బాగు ఎవ్వరికి జేరెను? ఈ ప్రశ్నను మనసున నుంచుకొని ఆలింపవలయునని ప్రార్థన.

కడప సీమ 1800 సంవత్సరమున నిజాము వలన కుంఫిణీవారికి సంక్రమించెను. కర్నూలు 1839 వఱకు నవాబుల యేలుబడిలో నుండెను. ఆ కాలమున ఈ ప్రాంతమున దూరపు సరకు చాలవఱకు బండ్లమీద గాక ఎద్దుల వీపుమీద నడచెడిది. లంబాడీలు ఉప్పును, ధాన్యమును పెరికలకెత్తి మందలు మందలుగా దోలుకొని పోయెడివారు. దీనికి కారణము భూమియే. కోయిలకుంట్ల, నంద్యాల రేగడి నేలలు వానకు జిగురుబంకలగును. కడప వైపు పలకరాళ్లు. నడుమ ఎఱ్ఱమల, నల్లమల కొండలు. బాట లేని చోట బండి మేలుజాతిదైనను నిరుపయోగమే గదా! దక్షిణదేశమున అప్పటి బండ్లలో చాలవానికి పలకలు జోడించి చేసిన దిమ్మచక్రము లుండెడివి. అవి బరువెక్కువ, పరుగు తక్కువ.

బాటలు పడిన కొలది ఆకుల చక్రము వ్యాపించెను. దిమ్మచక్రము పోయి ఆకుల చక్రము వచ్చుట మన బండికి జరిగిన మొదటి గొప్ప సవరణ. బలము తగ్గకుండ బరువు తగ్గించుట దాని మర్మము. నేటి పందెపు కారువారు తేలికలోహపు చక్రములు వేయించుటయు నీ మర్మమును బట్టియే. ఈ పనిలో వడ్రంగి యొకడే చాలడు. అతడు నాభిని దొలిచి, ఆకులు దిగగొట్టి, పూటీలు బిగించిన పిమ్మట, కమ్మరి ఇనుప కమ్మిని పిడకల మంటలో ఎఱ్ఱగా గాల్చి చక్రమునకు దొడిగి నీళ్లు పోయును. చల్లారిన కమ్మి కుదించుకొని పూటీలను, ఆకులను, నాభిని ఒక్కటిగా బంధించును. ఇరుసునకు కందెన రాచిన బండి సిద్ధము. 1861 మొదలు 1865 వఱకు అమెరికాలో జరిగిన అంతర్యుద్ధము వలన ఇంగ్లాండునకు మన ప్రత్తి కావలసి వచ్చెను. 1871 నాటికి చెన్నపట్టణపు రైలుమార్గము కడప మీదుగా రాయచూరు చేరెను. నల్లరేగడి ప్రత్తిని రైలుకడకు చేర్చు భారము ఈ బండిమీదనే పడెను.

అయినను ఇనుప కమ్మి చక్రమున నొక లోపము మిగిలియుండెను. దారిలో రాయి తగిలినచో చక్రము దానిని మ్రింగజాలదు. బరువుతో గూడ బండి యంతయు ఆ రాతిపైకెక్కి మరల దిగవలసినదే. ఆ కుదుపు ఇరుసునుండి నొగకు, నొగనుండి కాడికి, కాడినుండి ఎద్దు మెడకు జేరును. పట్టణములందు జట్కాబండికి ఇనుప స్ప్రింగులు వచ్చినవి గాని, అవి కూర్చున్నవాని నడుమును గాచినంతగా లాగుదాని మెడను గాచినవి కావు. సరకుబండికి ఆ మాత్రమును లేదు.

ఈ లోపమునకు మందు దూరదేశమున బుట్టెను. రాబర్టు విలియం థామ్సన్ అను స్కాట్లండు దేశీయుడు 1845లో గాలితో నిండిన చక్రపు తొడుగునకు హక్కుపత్రము బడసెను. లోక మప్పుడు దానిని పట్టించుకొనలేదు. 1888లో బెల్ఫాస్టు నగరమున పశువైద్యుడగు జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రముల బండి కుదుపు తగ్గించుటకు మరల దానినే కల్పించెను. 1895లో పారిస్ నుండి బోర్డోకు పోయి వచ్చు మోటారు పందెమున మిషెలిన్ సోదరులు గాలిటైర్ల కారును నడిపిరి. త్రోవ పొడుగున టైర్లు పగులుచునే యుండెను. అయినను బండి పందెపు దూరమును ముగించెను. బిడ్డ సుఖమునకై పుట్టినది పందెపు కారునకు వేగసాధన మయ్యెను. కుదుపు తగ్గినచోట శక్తియు మిగులును. సుఖమును వేగమును ఒకే కొమ్మ ఫలములని యప్పుడు తేలెను.

1936లో డన్‌లప్ కంపెనీ వంగదేశమున సాహాగంజ్‌లో కర్మాగారము నెలకొల్పెను. ఆ దశకము మొదలు గాలిటైర్లు మనదేశమున ఎద్దుబండ్లకును ఎక్కసాగెను. రైతులు దానిని టైరుబండి యనిరి. పాత మోటారు ఇరుసులు, వాని బేరింగులు గూడ బండ్ల క్రిందికి జేరెను. గట్టిబాటపై ఇనుప చక్రముకంటె నిది మిక్కిలి తేలికగా దొరలును, రాయి టైరులో నణగును, బాటయు చెడదు.

మఱి నష్టము లేదా? కలదు. తుమ్మముల్లు గ్రుచ్చుకొన్న టైరునకు ఊరి వడ్రంగియు, కమ్మరియు చికిత్స చేయలేరు. పట్టణమునకు బోవలెను, రొక్కము కావలెను. చిన్నచక్రము రేగడి బురదలో దిగబడును. పెద్ద ఇనుప చక్రమే గుంతలను సులువుగ దాటును. అంతకంటె ముఖ్యమైనది ఆపుదల. ఇనుప చక్రపు పెనుగులాటయే దానికి కొంత బ్రేకుగా నుండెను. తేలికగా దొరలు టైరుబండి నందికనుమ వంటి దిగుడు త్రోవలో వెనుకనుండి ఎద్దులను దరుమును. బరువంతయు కాడిమీదికి వచ్చి గిట్టలు జారును. పైగా "సులువుగా సాగుచున్నది గదా" యని మఱి నాలుగు బస్తాలు వేయు వర్తకు డుండనే యుండెను. ఎద్దునకు మిగిలిన శక్తి ఎద్దునకు దక్కలేదు, బరువుగా మారిపోయెను.

ఈ యన్యాయమును గుర్తించినవారు లేకపోలేదు. 1960లో పశుహింసా నివారణ చట్టము వచ్చెను. దాని క్రింద 1965లో చేసిన నిబంధనలు పశువు పరిమాణమునుబట్టి, చక్రమునకు గాలిటైరు గలదా లేదా యనుదానినిబట్టి బరువునకు హద్దు లేర్పఱచెను. పశువును దినమునకు తొమ్మిది గంటలకంటె ఎక్కువ పనిచేయింపరాదనియు, వేడి 37 డిగ్రీలు దాటు చోట్ల పగలు పండ్రెండు మొదలు మూడు గంటలవఱకు బండి కట్టరాదనియు విధించెను. కర్నూలు ఎండ నెఱిగినవారికి ఈ నియమము విలువ వేఱుగ జెప్పనక్కఱలేదు. 1970ల దశకమున బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంటుకు అధిపతిగ నుండిన ఎన్. ఎస్. రామస్వామి గారు మంచి కాడి, మంచి బేరింగు, బ్రేకు గల తేలికబండి కావలెనని దేశమంతట బోధించిరి.

నేడు సరకులో అధికభాగము ట్రాక్టర్లమీదను, లారీలమీదను పోవుచున్నది. కోయిలకుంట్ల, నంద్యాలలు గూడ 2022 నుండి కర్నూలు జిల్లాలో లేవు. నంద్యాల వేఱు జిల్లా యయ్యెను. బండ్లు తగ్గినను బండి నేర్పిన పాఠము చెడలేదు. కారునకు శక్తిని పెంచి బ్రేకును మఱచినవానికి ఇంజను బెదరదు, మెడ పుండు పడదు. కాబట్టి తప్పు తెలియుట ఆలస్యమగును. బండివానికి ఆ తప్పు ఆనాటి రాత్రియే తెలిసెడిది. మజిలీ చేరిన వెంటనే మంచి బండివాడు బస్తాలు లెక్కింపడు. ఎద్దులను విప్పి, కాడి యానిన చోట అఱచేయి వైచి తడవి చూచును. ఆనాటి పయన మెట్లు సాగెనో వాని కక్కడనే తెలియును.