మన బడి కంప్యూటర్ గది: కరెంటు, అక్షరం, ఖర్చు

స్వర్ణోత్సవ సంచికకు మన బడి చరిత్రలో ఏదో ఒక భాగం రాయమని సంపాదకవర్గం అడిగితే నేను కంప్యూటర్ గదిని ఎంచుకున్నాను. కారణం ఉంది. పూర్వ విద్యార్థులు పోగుచేసిన నిధిలో కొంత పెట్టి బడికి కంప్యూటర్లు కొనాలని తీర్మానం అయింది గానీ, ఏవి కొనాలో ఇంకా తేలలేదు. విండోసా లైనక్సా, కొత్తవా లేక ఉన్నవాటికే మరమ్మతా అని బెంగళూరులో ఉన్న బ్యాచ్‌లది ఒక మాట, అమెరికాలో ఉన్నవాళ్లది ఒక మాట, ఊళ్లో ఉన్నవాళ్లది ఇంకో మాట. ఈ చర్చ మన ప్రాంతానికి కొత్తదేం కాదు. 1978లో ఇక్కడే పదో తరగతి పాసై, తర్వాత ఇదే బడిలో లెక్కల మాస్టరుగా చేరి, పద్నాలుగేళ్లు ఆ గది తాళంచెవి జేబులో వేసుకుని తిరిగాను. నాకు తెలిసింది రాస్తాను. నిర్ణయం మీది.

మొదట్లో ఎంపిక అనే మాటే లేదు. 1984-85లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ అనే పథకం కింద దేశంలో ఎంపిక చేసిన కొన్ని బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. బ్రిటన్‌లో ఏకార్న్ కంపెనీ తయారుచేసిన యంత్రం అది. మెమరీ 32 కిలోబైట్లు. ఇప్పుడు మీరు వాట్సాప్‌లో పంపే ‘శుభోదయం’ బొమ్మ ఒక్కటి కూడా అందులో పట్టదు. దాని ఆపరేటింగ్ సిస్టమ్, బేసిక్ భాష రెండూ లోపలి చిప్పులోనే ఉండేవి. స్విచ్ వేసిన క్షణంలో సిద్ధం. ఏ సిస్టమ్ వేసుకోవాలి, ఎక్కడ దొరుకుతుంది, వైరస్ వస్తే ఏం చేయాలి అన్న బాధలు లేవు. మన బడి ఆ జాబితాలో లేదు. నేను ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో వేరే ఊళ్లో, శిక్షణకు వెళ్లినప్పుడు దాన్ని చూశాను. పిల్లవాడు ఎక్కాల ప్రోగ్రాం సగం కొట్టేసరికి కరెంటు పోయింది. టేపులోకి ఎక్కించుకోని సగం ఎగిరిపోయింది. మళ్లీ మొదటి నుంచి కొట్టాడు.

అనంతపురం జిల్లాలో కంప్యూటర్ గురించి ఏం మాట్లాడినా కరెంటు దగ్గరే మొదలుపెట్టాలి. తొంభైల చివర్లో మన ఊళ్లకు వచ్చిన డెస్క్‌టాప్‌లలో ఎక్కువ భాగం బెంగళూరు ఎస్పీ రోడ్డులో విడిభాగాలు కొని బిగించినవే. అనంతపురం నుంచి బెంగళూరుకు రెండు వందల కిలోమీటర్ల చిల్లర. పొద్దున బస్సెక్కితే రాత్రికి కేబినెట్టు ఒళ్లో పెట్టుకుని తిరిగి రావచ్చు. డబ్బున్న ఆఫీసులు హెచ్‌సీఎల్, విప్రో, జెనిత్ లాంటి కంపెనీ పెట్టెలు కొనేవి. తక్కినవాళ్లవి అసెంబుల్డ్ పెట్టెలు. లావుపాటి గాజు మానిటరు, పెట్టె కలిపితే ఒక్కోటి నూట యాభై వాట్ల దాకా లాగేది. పది ఆన్ చేస్తే ఒకటిన్నర కిలోవాట్లు. లెక్కల మాస్టరును కాబట్టి ఈ గుణకారం నాకు బాగా గుర్తు. యూపీఎస్ పది నిమిషాలు ఆగితే గొప్ప. దానికి తోడు ఆషాఢ గాలి. ఎర్రమట్టి దుమ్ము కిటికీ సందుల్లోంచి వచ్చి ఫ్యాన్‌లో పేరుకునేది. చెప్పులు గది బయట విడవమని మేం పెట్టిన నియమం చూసి ‘సార్ గుడి కట్టినాడు’ అని పిల్లలు నవ్వేవాళ్లు. చెప్పులు విడిచినా దుమ్ము ఆగలేదు. సైకిలుకు గాలి కొట్టే పంపుతో వారానికోసారి ఊదేవాళ్లం.

ఆ పెట్టెల్లో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉండేదంటే, విండోస్. ఎవరూ ఆలోచించి పెట్టుకున్నది కాదు. పెట్టె బిగించిన కుర్రాడు అదే వేసి ఇచ్చేవాడు. లైసెన్సు అన్న మాట బిల్లులో కనబడేది కాదు. ఉచితంగా దొరికే లైనక్స్ మన దగ్గర ఎందుకు పాకలేదంటే పెద్ద కారణం ఇదేనని నా అభిప్రాయం. డబ్బు పెట్టాల్సిన సరుకే ఉచితంగా వస్తుంటే, నిజంగా ఉచితమైనదాని విలువ ఎవరికి తెలుస్తుంది?

ఇంకో కారణం పని. మన వాళ్లు కంప్యూటర్ కొని పని వెతుక్కోలేదు. పని చూసుకుని కంప్యూటర్ కొన్నారు. శెనక్కాయల మిల్లు గుమాస్తాకు టాలీ కావాలి. అది నడవాలంటే విండోస్ కావాలి. ధర్మవరంలో పట్టుచీర అంచు డిజైను గీసి జకార్డు అట్టలకు ఎక్కించే వ్యక్తి ఆ సాఫ్ట్‌వేర్ దేనిమీద నడిస్తే దాన్నే కొంటాడు. లైనక్స్ మంచిదా విండోస్ మంచిదా అన్న ప్రశ్న వాళ్ల గడప తొక్కనే లేదు.

అన్నిటికన్నా గట్టిగా మన చేతులు కట్టేసింది తెలుగు అక్షరం. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన బడి దీనివల్ల ఒకటి పోగొట్టుకుంది.

డాస్ రోజుల్లో తెరమీద తెలుగు కనబడాలంటే పెట్టెలో ఒక కార్డు గుచ్చాలి. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై, తర్వాత పుణెలోని సీ-డాక్ తయారుచేసిన ‘జిస్ట్’ కార్డు అది. భారతీయ లిపులకు ‘ఇస్కీ’ అనే సంకేతాల ప్రమాణాన్ని 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఖరారు చేసింది. అదే ఏడు ప్రపంచ లిపులన్నిటికీ ఒకే పట్టికగా యూనికోడ్ మొదటి రూపం వచ్చింది. అందులో తెలుగుకు 128 గళ్లు కేటాయించారు. అంటే 1991 నాటికే కాగితం మీద మన అక్షరానికి సొంత ఇల్లుంది. కాపురం పెట్టడానికి మాత్రం పదేళ్లు పట్టింది. విండోస్ 2000లో హిందీకి, తమిళానికి చోటు దొరికింది, తెలుగుకు దొరకలేదు. 2001లో ఎక్స్‌పీతో పాటు ‘గౌతమి’ ఫాంటు వచ్చాకే మామూలు పెట్టెలో తెలుగు తెలుగుగా నిలబడింది. అది కూడా సెట్టింగుల్లోకి వెళ్లి ఒక గడిలో టిక్కు పెట్టి, సీడీ వేస్తేనే.

ఈలోగా పెళ్లి పత్రికలు ఆగవు కదా. డీటీపీ సెంటర్లు పేజ్‌మేకర్‌తో, అను, శ్రీలిపి వంటి తెలుగు సాఫ్ట్‌వేర్లతో పని నడిపించాయి. అవి లేకపోతే ఆ ఇరవై ఏళ్ల తెలుగు అచ్చు లేదు. ఆ పద్ధతిలో కిటుకు ఏమిటంటే, కంప్యూటరు లోపల దాచుకునేది ఇంగ్లిషు అక్షరాల సంకేతాలే. ఫాంటు వాటికి తెలుగు వేషం వేస్తుంది. ఫాంటు ఉన్నంతసేపు ‘అమ్మ’ అమ్మే. ఫాంటు లేని పెట్టెలో తెరిస్తే ఇంగ్లిషు అక్షరాలు, పిచ్చి గుర్తులు కలిసిన చెత్త. పైగా ఒక్కో సాఫ్ట్‌వేర్‌ది ఒక్కో పట్టిక. ఇన్ని ఏళ్ల వేళ్ల అలవాటు కూడా ఉంది. మన డీటీపీ వాళ్లు ‘యాపిల్ కీబోర్డు’ మీద టైపు చేస్తామంటారు. అది ఒక అక్షరాల అమరిక పేరు. వాళ్లలో చాలామంది యాపిల్ కంప్యూటరును జన్మలో ముట్టుకుని ఉండరు.

2000లో మన బడి రజతోత్సవ సంచికను అనంతపురం కమలానగర్‌లో ఒక డీటీపీ సెంటరులో కంపోజ్ చేయించాం. నాలుగు ఫ్లాపీల్లో ఇచ్చారు. ఆఫీసు బీరువాలో ఉన్న అచ్చు ప్రతులను చెదలు తిన్నాయని 2023లో తెలిసినప్పుడు ఫ్లాపీలే దిక్కయ్యాయి. మూడు తెరుచుకున్నాయి. తెరుచుకుని లాభం లేదు, నేను చెప్పిన చెత్తే కనబడింది. హైదరాబాదులో ఉన్న మన పూర్వ విద్యార్థిని ఒకరు ఆ ఫాంటు ఏదో కనిపెట్టి, యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాంలో పెట్టి రెండు సాయంత్రాల్లో వాటిని తిరిగి తెలుగు చేశారు. నాలుగో ఫ్లాపీ తెరుచుకోలేదు. 41 నుంచి 56 దాకా పేజీలు అందులో ఉన్నాయి. 1976లో ఈ కరువు నేలమీద నీళ్లు ఎక్కడి నుంచి మోసుకొచ్చి మొదటి రెండు గదులు కట్టారో మన తెలుగు పండితులు రాసిన వ్యాసం ఆ పేజీల్లోనే ఉంది. ఆయన ఇప్పుడు లేరు.

మళ్లీ కంప్యూటర్ గదికి వస్తాను. 2008లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 5000 ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ విద్య పెట్టింది. అప్పుడు చేసిన ఎంపిక మన జిల్లా దృష్టితో చూస్తే తెలివైనదే. పిల్లవాడికో పెట్టె కాకుండా, ఎన్‌కంప్యూటింగ్ అనే సంస్థ పరికరాలతో ఒక పెట్టెను పలువురు పంచుకునే పద్ధతి. ఒక్కో సీటు దగ్గర అరచేతిలో పట్టేంత డబ్బా. అది లాగేది సుమారు ఒక్క వాటు. మానిటరు కరెంటు వేరే అనుకోండి. మొత్తం మీద గది ఖర్చు బాగా తగ్గింది, వేడి తగ్గింది, ఊదాల్సిన ఫ్యాన్లు తగ్గాయి. ఆ పద్ధతిలోనే ఉన్న ఇబ్బంది, అసలు పెట్టె ఆగితే దాని వెంట ఉన్న సీట్లన్నీ ఆగుతాయి. అందుకే పక్కన బాగుచేసే మనిషి ఉండాలి. పథకం గడువు ఐదేళ్లు. అది ముగిశాక యంత్రాలు బడికి మిగిలాయి, బోధకుడు మిగల్లేదు.

అదే కాలంలో పక్క రాష్ట్రాలు వేరే దారి పట్టాయి. కేరళ తన బడుల్లో లైనక్స్ పెట్టి, ఉపాధ్యాయులకు దానిమీదే శిక్షణ ఇచ్చి, పదో తరగతి ప్రాక్టికల్ పరీక్ష కూడా దానిమీదే పెట్టింది. తమిళనాడులో ఎల్కాట్ సంస్థ ప్రభుత్వ కంప్యూటర్లలో సూసే లైనక్స్ వేయించింది. సీ-డాక్ 2007లో ‘బాస్’ అనే లైనక్స్‌ను తెలుగుతో సహా భారతీయ భాషల్లో విడుదల చేసింది. మన దగ్గర ‘స్వేచ్ఛ’ కార్యకర్తలు డెబియన్ ఆధారంగా మెనూలన్నీ తెలుగులో ఉండే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేశారు. ఆ డీవీడీ ఒకటి నా దగ్గర ఇంకా ఉంది. మన బడిలో ఒక పెట్టెలో వేశాను కూడా. ఎనిమిదో తరగతి పిల్లలు వారంలో అలవాటుపడ్డారు. పెద్దవాళ్లమే అలవాటుపడలేదు. జీతాల బిల్లుల ఫైలు అటూ ఇటూ పంపినప్పుడల్లా గడులు కదిలిపోతున్నాయని ఆఫీసులో గొణుగుడు. కేరళలో నెగ్గింది సాఫ్ట్‌వేర్ ఒక్కటే కాదు, ప్రతి మాస్టరుకూ నేర్పిన ఓపిక. ఒక బడి ఒంటరిగా చేస్తే అది ఎదురీతే.

ఇక ఇప్పటి సంగతి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు భద్రతా సవరణలు ఆగిపోయాయి. డబ్బు కడితే కొంతకాలం పొడిగింపు ఉంది, విద్యాసంస్థలకు తక్కువ ధరకే ఇస్తున్నారు. విండోస్ 11 వేయాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం నుంచి ఉన్న ప్రాసెసరు కావాలి. మన గదిలో ఉన్న పన్నెండు పెట్టెల్లో ఆ అర్హత ఉన్నవి రెండు. తక్కిన పదీ పాడవలేదు. ఆన్ చేస్తే నడుస్తాయి. వాటిని తూకానికి వేసి పన్నెండు కొత్తవి కొనాలని ఒక వర్గం. 2022లో ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చింది కదా, ఇంకా డెస్క్‌టాప్ ఎందుకని మరొక వర్గం. ట్యాబు మీద పాఠం చూడవచ్చు. నాలుగు పేజీల వ్యాసం తెలుగులో టైపు చేయమనండి చూద్దాం.

నా సలహా ఇది. అర్హత ఉన్న రెండు పెట్టెల్లో విండోస్ 11 వేసి ఆఫీసుకు, టాలీ నేర్చుకునే పిల్లలకు ఉంచాలి. తక్కిన పదింటికి ఎస్‌ఎస్‌డీ, ఇంకొంచెం ర్యామ్ వేయించి లైనక్స్ ఎక్కించాలి. ఒక్కో పెట్టెకు అయ్యే ఖర్చు కొత్తదాని ధరలో చిన్న భాగం. మిగిలిన డబ్బులో సగం గది పైకప్పు మీద సోలార్ పలకలకు, బ్యాటరీలకు పెట్టాలి. ఎండకు మన దగ్గర కొదవ లేదు. మిగతా సగంతో ఊళ్లోనే ఉండే ఇద్దరు పూర్వ విద్యార్థులకు మరమ్మతు నేర్పించి, నెలకు ఇంత అని ఇవ్వాలి. మెషీన్ పాడైతే సైకిలు మీద వచ్చేవాడు కావాలి. అమెరికా నుంచి వీడియోకాల్‌లో చెప్పేవాళ్ల మీద గౌరవం ఉంది గానీ, వదులైన కేబులు అక్కడి నుంచి బిగించలేరు.

ఈ సంచిక మొత్తం యూనికోడ్‌లో తయారైంది. డీటీపీ తమ్ముడు మొదట ఒప్పుకోలేదు. ‘పేజ్‌మేకర్‌లో యూనికోడ్ ఒత్తులు నిలబడవు సార్’ అన్నాడు. నిజమే, నిలబడవు. అందుకని లిబ్రెఆఫీస్‌లో పేజీలు కట్టాం. ఒక ప్రతి ప్రధానోపాధ్యాయుల దగ్గర, ఒకటి సంఘం కార్యదర్శి దగ్గర, ఒకటి ఇంటర్నెట్‌లో ఉంటాయి.

రజతోత్సవ సంచిక అచ్చు ప్రతి మీలో ఎవరింట్లోనైనా, అటక మీదో ట్రంకు పెట్టెలోనో ఉంటే, దయచేసి 41వ పేజీ నుంచి 56వ పేజీ దాకా ఫోనుతో ఫోటోలు తీసి కార్యదర్శికి పంపండి. పేజీ చిరిగినా, తడిసినా ఫరవాలేదు. టైపు చేయడానికి పదో తరగతి పిల్లలు ముగ్గురు పేర్లు ఇచ్చారు.