మబ్బేసిందా, మబ్బేశారా?

మేఘం, మధుమేహం తోబుట్టువులు. రెండూ సంస్కృతంలోని 'మిహ్' ధాతువు నుంచి వచ్చాయి. దానికి తడపడం, చిలకరించడం అని అర్థం. మొహమాటం లేకుండా చెప్పాలంటే మూత్రం పోయడం కూడా. తక్కిన పర్యాయపదాలదీ ఇదే దారి. జలదం, నీరదం, అంబుదం నీళ్లిచ్చేవి. జలధరం, పయోధరం నీళ్లు మోసేవి. వాన ఇవ్వనిదానికి ఈ పేర్లు పెడితే చెల్లవు.

తెలుగు మబ్బు సంగతి వేరు. కన్నడంలో మబ్బు అంటే మసకచీకటి. తమిళంలో మప్పు అంటే ఆకాశం మూసుకుపోవడం, తలకెక్కిన మత్తు కూడా. తెలంగాణలో 'మబ్బులనే లేచి పొలం పోయిండు' అంటే వాన వచ్చేలా ఉందని కాదు, ఇంకా తెల్లవారలేదని. ఈ మాటలో ఎక్కడా నీటిచుక్క లేదు. ఉన్నదల్లా కమ్ముకోవడం, మసకబారడం.

ఈ తేడా ఎక్కడ పనికొస్తుందంటే, సత్తెనపల్లి మీద అప్పుడప్పుడూ కనిపించే తెల్లగీతల దగ్గర. పిల్లలు రాకెట్టు పోతోందంటారు, పెద్దలు జెట్టు పొగ అంటారు. పొగ అనడంలో సగం నిజముంది. ఇంధనం మండితే మసితోపాటు నీటి ఆవిరి కూడా బయటికొస్తుంది. సున్నాకు దిగువన నలభై డిగ్రీల చలిలో ఆ ఆవిరి మసి నలుసుల మీద చేరి గడ్డకడుతుంది. నలుసు పొగదే, కంటికి కనిపించే తెలుపు మాత్రం మంచుది. గన్నవరంలో దిగడానికి కిందికొచ్చిన విమానం ఎంత రొద చేసినా గీత గీయదు, అక్కడి గాలికి అంత చలి లేదు. గీసేది పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున, చప్పుడు సరిగా వినిపించకుండా పోయేది. అక్కడి గాలి పొడిగా ఉంటే గీత కాసేపట్లో మాయం. తేమ బాగా ఉంటే నిలిచిపోయి, గాలికి పరుచుకుని, గంటల తరబడి పల్చటి పొరగా ఉంటుంది. అప్పుడు చూసినవాళ్లకు అది విమానం చలవేనని తట్టదు.

వాన ఇవ్వని ఈ పొర ఏం చేస్తుందో మిరప కల్లాలున్న ఊళ్లో చెప్పడం తేలిక. ఆకాశం తేటగా ఉన్న రాత్రి నేల తన వేడిని పైకి వదిలేసి చల్లబడుతుంది, మంచు కురుస్తుంది. ఆరబోసిన కాయ మీద పట్టలు కప్పకపోతే అది తడిసి రంగు మారుతుంది. గుంటూరు యార్డులో నాసిరకం తాలు కింద కడితే ధరలో సగం మరిచిపోవాల్సిందే. మబ్బు పట్టిన రాత్రి మంచు పడదు, ఉక్కగా ఉంటుంది. నేల వదిలిన వేడిని మబ్బు పట్టుకుని కొంత మళ్లీ కిందికే పంపుతుంది. విమానం మబ్బు చేసేదీ అదే పని. పగలైతే కొంత ఎండను వెనక్కి కొడుతుంది గనుక కొంతమేర చెల్లుకు చెల్లు. రాత్రి వెనక్కి కొట్టడానికి ఎండే లేదు, మిగిలేదంతా వేడే.

శాస్త్రవేత్త డేవిడ్ లీ బృందం 2021లో ప్రచురించిన లెక్క ప్రకారం, 2018 నాటికి ఈ మబ్బుల వల్ల భూమికి చేరుతున్న అదనపు వేడి చదరపు మీటరుకు సుమారు 57 మిల్లీవాట్లు. విమానాలు అన్నేళ్లుగా వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల 34. మొదటి అంకె చాలా అటూఇటూ కావచ్చని వాళ్లే చెప్పారు. రెంటినీ ఒకే త్రాసులో వేయడం కూడా నాకంత నచ్చదు. మబ్బు పూటలో పోతుంది, కార్బన్ మన మునిమనవల దాకా ఉంటుంది.

ఇంకో చిక్కుంది. తిరుపతి దగ్గర గాదంకిలో 1998 నుంచి లేజరు కిరణాన్ని పైకి పంపి మంచు మబ్బులను కొలుస్తున్నారు. మన ఉష్ణమండలంలో అవి విమానాలు ఎగిరే ఎత్తుకు పైన కూడా సహజంగానే ఏర్పడతాయి. కొన్ని కంటికి ఆననంత పల్చన. కాబట్టి తెల్లపొర కనిపించగానే విమానానికి అంటగట్టకూడదు. మసకే లేని మబ్బు అంటే మన మాటకు కూడా కాస్త ఇబ్బందే. అయినా మేఘం కన్నా నయం.

ప్రపంచ వాతావరణ సంస్థ 2017లో తన మేఘాల అట్లాసును సవరించి విమానాల గీతలకు లాటిన్ పేర్లు పెట్టింది. పది నిమిషాలైనా నిలిచిన గీత 'హోమోజెనిటస్', అంటే మనిషి వల్ల పుట్టింది. అది పరుచుకుని రూపం మారితే 'హోమోమ్యుటేటస్'. తెలుగు పత్రికలు 'మానవ నిర్మిత మేఘాలు' అని రాసుకోవచ్చు గానీ ఆ మాట ప్రాజెక్టు శంకుస్థాపనలా వినిపిస్తుంది. 2000 దశకంలో ప్రభుత్వం విమానాలతో రసాయనాలు చల్లించి వాన కురిపించబోతే 'మేఘమథనం' అనే గంభీరమైన మాట చకచకా వాడుకలోకి వచ్చింది. కోరి చేసిన పనికి పేరు దొరికింది. కోరకుండా జరిగేదానికి దొరకలేదు.

నా మటుకు కొత్త నామవాచకం అక్కర్లేదు. 'మబ్బేసింది' అంటాం. ఎవరు వేశారని ఎవరూ అడగరు. ఆ క్రియకు కర్త లేడు, ఇన్నాళ్లూ అవసరమూ రాలేదు. ఇప్పుడు క్రియ చివర మారిస్తే చాలు: 'మబ్బేశారు'. అంత పొడుగు లాటిను చెప్పిందంతా ఆ ఒక్క ప్రత్యయంలో ఇమిడిపోతుంది.

తెలిసి ఎవరూ వేయలేదు కదా, 'శారు' అనడం అన్యాయం కాదా అనొచ్చు. గూగుల్, అమెరికన్ ఎయిర్‌లైన్స్ 2023లో వెల్లడించిన ప్రయోగం ఇక్కడ గుర్తుకొస్తుంది. 70 ప్రయాణాల్లో పైలట్లు, గీతలు నిలిచే తేమ పొరలను ముందే అంచనా వేసుకుని, ఎత్తు కాస్త మార్చి వెళ్లారు. గీతలు 54 శాతం తగ్గాయి, ఇంధనం కొంచెం ఎక్కువైంది. అన్ని విమానాలూ దారి మార్చక్కర్లేదు కూడా. జపాన్ గగనతలం మీద 2020లో వచ్చిన అధ్యయనంలో 2.2 శాతం విమానాలే ఈ వేడిలో 80 శాతానికి కారణమని తేలింది. ఆ పైలట్లు మబ్బు వేయకుండా వెళ్లారు అని తెలుగులో హాయిగా రాయొచ్చు. అలా రాయగలిగినప్పుడు, తక్కినవాళ్లు మబ్బేశారు అని రాయడానికి వ్యాకరణంలో నాకు అడ్డేమీ కనిపించడం లేదు.