తప్పు మనిషిదా, ఘటనదా?

యుద్ధం నుంచి వచ్చినవాడు అర్ధరాత్రి కేకలు పెట్టి లేస్తుంటే, దానికి కారణం వైద్యులు ముందు ఒంట్లోనే వెతికారు. అమెరికా అంతర్యుద్ధ సైనికుల గుండెదడ గురించి 1871లో రాసిన జాకబ్ డా కోస్టా గుండెను చూశాడు. అంతకు ముందే బ్రిటన్‌లో రైలు ప్రమాద బాధితులను పరీక్షించిన జాన్ ఎరిక్సెన్ వెన్నెముకను అనుమానించాడు. పరిహారం దావాల రోజులు కదా, రైల్వే కంపెనీలకూ ఆ చర్చ మీద ఆసక్తి ఎక్కువే.

మొదటి ప్రపంచ యుద్ధం సాగుతుండగా, 1915 ఫిబ్రవరిలో బ్రిటిష్ వైద్యుడు చార్లెస్ మయర్స్ ‘లాన్సెట్’ పత్రికలో ముగ్గురు సైనికుల సంగతి రాశాడు. ఒకడికి ఇరవయ్యేళ్లు. ముళ్లకంచెలో ఇరుక్కుపోయి ఉండగా చుట్టూ గుండ్లు పేలాయి. పెద్ద గాయాలేవీ లేవు. చూపు మసకబారింది, వాసన, రుచి సరిగా తెలియకుండా పోయాయి. ‘షెల్ షాక్’ అన్న మాట వైద్య పత్రికలకెక్కింది ఆ వ్యాసంతోనే. పేలుడుకు దూరంగా ఉన్నవాళ్లకూ అవే లక్షణాలు రావడంతో ఆ పేరు సరికాదని తర్వాత మయర్సే అన్నాడు. 1917లో సైన్యం దాని వాడకాన్ని కట్టడి చేసింది. రోగులు మాత్రం తగ్గలేదు. క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రిలో రివర్స్ అనే వైద్యుడు అధికారులను కూర్చోబెట్టి మాట్లాడించాడు. లండన్‌లో యెలాండ్ అనే మరో వైద్యుడు మాట పడిపోయిన సిపాయిల గొంతుకు కరెంటు పెట్టాడు. హోదాను బట్టి వైద్యం! పారిపోవడం, పిరికితనం వంటి నేరాల కింద బ్రిటిష్ సైన్యం కాల్చి చంపిన 306 మందికి 2006లో గాని క్షమాభిక్ష రాలేదు. వారిలో షెల్ షాక్ బాధితులూ ఉన్నారు.

అమెరికా మానసిక వైద్యుల సంఘం 1952లో తన వర్గీకరణ గ్రంథం డీఎస్‌ఎంలో ‘తీవ్ర ఒత్తిడి ప్రతిచర్య’ను చేర్చింది. 1968లో, అదీ వియత్నాం యుద్ధం ముమ్మరంగా సాగుతుండగా, తీసేసింది. వింతే. ఆ యుద్ధం నుంచి వచ్చిన మాజీ సైనికులు న్యూయార్క్‌లో తమలో తాము కూర్చుని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు; ఖైమ్ షాటన్, రాబర్ట్ లిఫ్టన్ అనే వైద్యులు వారితో చేరారు. 1974లో పరిశోధకులు ఆన్ బర్జెస్, లిండా హోమ్‌స్ట్రోమ్ అత్యాచార బాధితుల్లోనూ ఇలాంటి లక్షణాలను వర్ణించారు. ఈ ఒత్తిళ్లన్నీ కలిసి 1980లో పీటీఎస్‌డీని (ఆఘాతానంతర ఒత్తిడి రుగ్మత) డీఎస్‌ఎంలోకి తెచ్చాయి. రోగి బలహీనతను కాక అతనికి జరిగినదాన్ని కారణంగా రాయడమే అసలు మలుపు.

అయితే ఆ ఘటన మామూలు మానవ అనుభవానికి బయటిదై ఉండాలన్న షరతు త్వరలోనే బెడిసికొట్టింది. ఇంటి హింసను అరుదైనదని ఎలా అంటాం? 1994లో ఆ షరతు పోయింది. ఘోరం చూసినవారిలో ఎక్కువమందికి ఈ జబ్బు రాదన్న నిజం మాత్రం ఘటనొక్కటే కారణమన్న వాదనకు ఇబ్బందిగానే మిగిలింది.

ఏళ్ల తరబడి హింస అనుభవించినవారికి వేరే నిర్ధారణ కావాలని 1992లో మానసిక వైద్యురాలు జూడిత్ హెర్మన్ ప్రతిపాదించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-11 వర్గీకరణ 2022లో అమల్లోకి వచ్చి, సంక్లిష్ట పీటీఎస్‌డీకి ఆ చోటిచ్చింది. 2013 నాటి డీఎస్‌ఎం-5 మాత్రం దాన్ని విడిగా గుర్తించలేదు.