ఘాట్ ఎక్కుతుంటే ఈల

లింగాలగట్టు దగ్గర మీరు కృష్ణా నది దాటారు. ఇక ఈగలపెంట దాకా ఎక్కడమే. చీకటి పడుతోంది. పక్కన అమ్మ, వెనక సీట్లో మావయ్య, ఆయన ఒళ్లో ప్రసాదం సంచి. అమ్రాబాద్ పులుల అడవిలోంచి పోయే ఈ రోడ్డు మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లు తిరగనివ్వరు. ఆలోపు మన్ననూరు గేటు దాటాలి.

రెండో గేరు. మలుపు. యాక్సిలరేటర్ నొక్కగానే బానెట్ కిందనుంచి సన్నగా ఒక కూత.

"ఈల వేస్తోందేంటి బండి?" అంటాడు మావయ్య.

పాట ఆపండి. అద్దం దించండి. కాలు తీస్తే ఈల ఆగింది. నొక్కితే మళ్లీ వచ్చింది, ఈసారి ఇంకా గట్టిగా. ఎలాంటి చప్పుడన్నది తర్వాత. ఎప్పుడొస్తోందో చూడండి, సగం జబ్బు అక్కడే దొరుకుతుంది. బండి నిలబడి ఉన్నప్పుడు కూడా ఇంజిన్ తిరిగినంతసేపూ కీచుమంటుంటే బెల్టునో, పుల్లీ బేరింగునో అనుమానించాలి. మీది టర్బో ఉన్న డీజిలు బండి. బరువు లాగేటప్పుడే అరుస్తోంది. అంటే ఇంజిన్‌లోకి టర్బో తోసే గాలి ఎక్కడో సందు దొరికించుకుంది.

ఇక్కడ ఆగాలా, పైదాకా లాగాలా? ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. బండి పక్కకు తీసే చోటు లేదు. మెల్లగా పోదామనుకుంటారు.

ముందు లారీ. నడక వేగం. కాస్త తిన్నని రోడ్డు వచ్చింది. లారీ డ్రైవరు చెయ్యి ఊపాడు. గడియారం చూసుకున్నారు. బండి బయటికి తీశారు. నొక్కారు.

ఈల కేకైంది.

ఠప్!

చప్పుడు లేదు. పికప్ లేదు. కాలు అడుగంటా నొక్కారు. బండి కదలనంటోంది. పక్కనే లారీ వెనక చక్రం. ఎదర మలుపులో లైట్లు. బస్సు.

ముందుకా? వెనక్కా?

వెనక్కే. కాలు తీయండి. బ్రేకు. లారీని పోనివ్వండి. పోయింది. ఎడమకు. ఇంకా ఎడమకు.

బస్సు రయ్యిమని దాటింది. అమ్మ ఊపిరి పీల్చుకుంది.

డాష్‌బోర్డు మీద ఇంజిన్ దీపం పసుపుపచ్చగా వెలుగుతోంది. అద్దంలో చూడండి, పొగ ఏ రంగు? నీలంగా ఉంటే టర్బో సీలు పోయి ఇంజిన్ ఆయిల్ తాగుతోందని. అప్పుడు తక్షణం బండి పక్కకు తీసి ఆపేయాలి, మళ్లీ స్టార్ట్ చేయకూడదు. తన ఆయిలే ఇంధనంగా దొరికితే డీజిల్ ఇంజిన్ తాళం తిప్పినా ఆగకపోవచ్చు. వెనక వచ్చే బండి వెలుతురులో చూశారు. నల్లటి పొగ. నయం.

మలుపు దాటాక కాస్త వెడల్పు చోటు. హజార్డ్ లైట్లు వేశారు. హ్యాండ్‌బ్రేకు. చక్రం వెనక రాయి. ట్రయాంగిల్ వెనక్కి దూరంగా పెట్టండి. మావయ్యను అడవి వైపు అడుగు వేయనివ్వకండి. ఇంజిన్‌ను ఒక్క నిమిషం ఊరికే తిరగనివ్వండి. కొండ ఎక్కిన టర్బో మండిపోతుంటుంది, తిరిగే ఆయిలే దాన్ని చల్లబరుస్తుంది. ఇప్పుడు ఆపండి.

బానెట్ ఎత్తగానే సెగ మొహానికి కొట్టింది. అమ్మ ఫోను లైటు పట్టుకుంది. ఆమె కొంగు దోపుకోమనండి. రేడియేటర్ ఫ్యాను దగ్గరికి వేళ్లు పోనివ్వకండి, ఇంజిన్ ఆగినా అది తనంతట తాను తిరగడం మొదలుపెట్టొచ్చు. ఎగ్జాస్ట్ వైపు అసలు ముట్టుకోకండి.

గాలి నడిచే దారి పట్టుకుని వెతకండి. ఫిల్టరు డబ్బా, టర్బో, అక్కణ్నుంచి లావుపాటి రబ్బరు గొట్టం, ముందు ఇంటర్‌కూలర్, మళ్లీ గొట్టం, ఇంజిన్. ఇంటర్‌కూలర్ అతుకు దగ్గర వేలికి జిడ్డు తగిలింది. అక్కడ నల్లటి నూనె మరక. టర్బో గాలిలో కాస్త ఆయిల్ తుంపర ఉండటం మామూలే. లీకున్న చోట అదే పేరుకుని ఆనవాలు పెడుతుంది. గొట్టం సగం ఊడి పక్కకు వాలింది. క్లాంపు వదులైంది.

ఇంత చిన్నదానికి అంత బలం ఎలా పోయింది? టర్బో చక్రం నిమిషానికి లక్షకు పైగా తిరుగుతూ గాలిని ఒత్తిపట్టి తోస్తుంది. సన్నని సందులోంచి అది దూసుకుపోతుంటే మీకు వినిపించిందే ఈల. గొట్టం ఊడగానే సందు పెద్దదైంది, ఈల ఆగింది. గాలి బయటికి పోయింది, డీజిలు మాత్రం ఆ లెక్కకే పడింది. మండని డీజిలే ఆ నల్లటి పొగ. తేడా కనిపెట్టిన కంప్యూటరు ఇంజిన్‌ను కాపాడటానికి బలం తగ్గించేసింది.

గొట్టం కాస్త చల్లారనివ్వండి. లోపలా బయటా గుడ్డతో జిడ్డు తుడవండి. జిడ్డు మీద బిగించిన రబ్బరు మళ్లీ జారుతుంది. ఇంటర్‌కూలర్ మూతి మీద ఎత్తైన అంచు ఉంటుంది. గొట్టాన్ని ఆ అంచు దాటేదాకా తిప్పుతూ నొక్కండి. క్లాంపు దాని వెనక కూర్చోవాలి. స్క్రూడ్రైవరుతో బిగించండి, రబ్బరు తెగేంత కాదు. గొట్టమే చిరిగి ఉంటే టేపును నమ్ముకోకండి. ఆ ఒత్తిడికి అది నిలవదు. టర్బోకి పని పెట్టకుండా మెల్లగా పోవడం మేలు.

స్టార్ట్ చేయండి. దీపం ఇంకా వెలుగుతోంది, కొన్నిసార్లు బండి తీస్తేగాని ఆరకపోవచ్చు. రెండో గేరు. మెల్లగా నొక్కండి. బండి లాగింది! అద్దాలు దించి వినండి. టర్బోకి సహజంగా ఉండే సన్నని రొద తప్ప ఇంకేం లేదు. దోమలపెంట, వటవర్లపల్లి, ఆపైన మన్ననూరు. గేటు ఇంకా తెరిచే ఉంది.

పొద్దున్నే షెడ్డుకు తీసుకెళ్లండి. "ఈల వచ్చింది" అని ఊరుకోకుండా, ఎత్తు ఎక్కేటప్పుడే వచ్చిందని, కాలు తీస్తే ఆగిందని, నల్లటి పొగ పోసిందని చెప్పండి. మెకానిక్ నేరుగా గొట్టం దగ్గరికే వెళ్తాడు. కొత్త క్లాంపు వేయించండి. పనిలో పనిగా టర్బో షాఫ్టు ఆడుతోందేమో వేలితో కదిపి చూడమనండి.