ఎపోక్: లెక్క మొదలయ్యే చోటు

నిఘంటువుల్లో ‘ఎపోక్’ అంటే యుగం. కానీ దీనికి మూలమైన గ్రీకు ‘ఎపొఖే’కు అర్థం నిలుపుదల, ఆగిన చోటు. ఖగోళ గణకులు దాన్ని లెక్కకు ఆధారమైన స్థిర క్షణానికి వాడారు. యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు వచ్చిందీ ఆ అర్థమే. దాని ఎపోక్ 1970 జనవరి 1, యూటీసీ 00:00 గంటలు. భారత కాలమానంలో అప్పుడు ఉదయం 5:30. మన సిద్ధాంతుల అహర్గణమూ ఇలాంటిదే: కల్యాది (కలియుగ ఆరంభం) నుంచి గడిచిన దినాల మొత్తం. అందుకే ఇక్కడ యుగం కన్నా ‘శకారంభం’ నప్పుతుంది.

సర్వర్ గడియారం తప్పినప్పుడు ఈ శకారంభపు లెక్క అక్కరకొస్తుంది. రెండు సర్వర్లు ఐదున్నర గంటల తేడా చూపిస్తుంటే, రెండింటిలోనూ ఒకేసారి ‘డేట్’ కమాండ్‌తో ఎపోక్ నుంచి గడిచిన సెకన్ల అంకె అడగాలి. అంకెలు కలిస్తే గడియారాలు బాగున్నట్టే. టైమ్‌జోన్ అమరికే వేరు. అంకెల మధ్యే 19,800 తేడా ఉంటే, హార్డ్‌వేర్ గడియారంలోని భారత కాలమానాన్ని ఒక సర్వర్ యూటీసీగా చదివిందేమో అనుమానించాలి. లాగ్‌లో 1970 కనబడితే లెక్క సున్నాకు పడిపోయిందన్నమాట: మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు, లేదా ఏదో ప్రోగ్రామ్ ఖాళీ విలువను తేదీగా చూపి ఉండొచ్చు. 1972 నుంచి చేర్చిన 27 లీప్ సెకన్లు యూనిక్స్ లెక్కలో లేవు కదా, దాన్నెలా నమ్మడం అనవచ్చు. నిజమే, అది గడిచిన కాలానికి అచ్చమైన కొలత కాదు. అయినా యంత్రాలన్నీ ఒకే శకారంభం నుంచి ఒకే పద్ధతిలో లెక్కపెడుతున్నంత కాలం, తప్పు ఎక్కడుందో తేల్చడానికి ఆ అంకె చాలు.